మా వీధి పెరటి తోటల పోటీ: ఏలేరు పొంగాక మార్చిన మార్కులు

పై వీడియోలో మీరు చూసిన మూడు తోటలూ పిఠాపురం పక్కన మా వీధిలోవే. అవి ఎందుకు గెలిచాయో వీడియోలో పూర్తిగా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నా.

సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టుకుంటాం కదా, పెరటి తోటలకి ఎందుకు పెట్టకూడదు అని 2024 జూన్‌లో అనుకున్నాం. పదకొండు ఇళ్లు ముందుకొచ్చాయి. యూరియా, పురుగుమందు వాడకూడదు, అంతే షరతు. వ్యవసాయ డిప్లొమా చదివాను కదా అని మార్కుల కాయితం నన్నే రాయమన్నారు. అందానికి 40, రకాలకి 30, శుభ్రతకి 30 అని రాశాను.

ఆ లెక్కన ఆగస్టులో ముందున్నది ఒక మాస్టారి పెరడు. రంగులేసిన గోడ, వరసగా గ్రో బ్యాగులు, పూతకొచ్చిన టమాటా. ఆ బ్యాగులూ, ఘనజీవామృతమూ మా యూనిట్ నుంచి కొన్నవే. లోపల కాస్త గర్వంగానే ఉండేదండీ.

సెప్టెంబర్‌లో ఏలేరు పొంగింది. పిఠాపురం, గొల్లప్రోలు వైపు చేలు మునిగాయి. మా పెరళ్లలో మూడు రోజులు నీళ్లు నిలిచాయి. వేరుకి గాలి ఆడక ముందు టమాటా, మిరప పోయాయి. నేల మీద పెట్టిన బ్యాగుల కింది రంధ్రాలు బురదతో పూడుకుపోయి, లోపలి నీళ్లు దిగలేదు. ఇటుకల మీద పెట్టమని అమ్మేటప్పుడు నేను చెప్పలేదు. ఆ తప్పు నాదే.

పోటీ ఆపేద్దామన్నారు కొందరు. మా వీధి చివరి మామ్మగారు మాత్రం, "ఆపడమెందుకు బాబూ? ఇప్పుడు చూడు, ఎవరి పెరట్లో కూరాకు ఉందో" అన్నారు.

బ్రిటన్‌లో 1960ల నుంచి ఊళ్ల మధ్య ‘బ్రిటన్ ఇన్ బ్లూమ్’ పోటీ నడుస్తోంది. అక్కడ మొక్కల పెంపకంతో పాటు పర్యావరణానికీ, జనం భాగస్వామ్యానికీ మార్కులుంటాయి. అది గుర్తొచ్చి కాయితం తిరగరాశాను: ఇవాళ కోసుకోగల కూరలకి 30, నేలకి 30, సొంత విత్తనానికి 20, పక్కింటికి పంచిన విత్తనం, నారుకి 20. అక్టోబర్ చివర మళ్లీ ఇల్లిల్లూ తిరిగాం.

మొదటి బహుమతి మామ్మగారికే. ఉన్నది సెంటున్నర జాగా. అడుగు ఎత్తు మడులు, మధ్యలో కాలవలు, పైన ఎండుగడ్డి ఆచ్ఛాదన. పల్లపు మూల చేమ వేశారు, దానికి నీళ్లంటే భయం లేదు. పందిరి బచ్చలి నిలబడింది. బూడిద కలిపి సీసాలో దాచిన తోటకూర విత్తనం నీళ్లు తీసిన వారానికే చల్లారు, 25వ రోజున కోసేశారు. గడ్డి ఎత్తి చూపిస్తే కింద వానపాములు!

రెండోది అద్దె ఇంటి దంపతులది. డాబా మీద పాత బియ్యం బస్తాల్లో పెంచారు కాబట్టి వరద అంటలేదు. వాళ్లకి మార్కులు తెచ్చింది అది కాదు, నీళ్లు తీశాక ఆరు ఇళ్లకి వంగ, మిరప నారు పంచడం.

మూడోది మాస్టారిది. బ్యాగులన్నీ ఇటుకల మీదకి ఎత్తి మళ్లీ మొదలెట్టారు. ఆయన వాడిన ద్రవజీవామృతం కొలత చిన్న పెరళ్లకి సరిపోతుంది: 10 లీటర్ల నీళ్లలో అరకిలో ఆవు పేడ, అరలీటరు ఆవు మూత్రం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల శనగపిండి, చిటికెడు గట్టు మట్టి. నీడలో 48 గంటలు ఉంచి, రోజుకి రెండుసార్లు కలిపి, ఒకటికి పది వంతుల నీళ్లు చేర్చి మొదట్లో పొయ్యాలి.

అదే ఏడాది జులైలో రైతు సాధికార సంస్థ నడిపే మన రాష్ట్ర ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి పోర్చుగల్‌లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. డాక్టర్ రతన్ లాల్, ఈజిప్టు సెకెమ్ సంస్థలతో కలిపి 10 లక్షల యూరోలు. ఆ వార్త వీధిలో అందరికీ చూపించింది నేనే. ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవడమే ఆ కార్యక్రమానికి బలం అని చెప్పిందీ నేనే. మార్కుల కాయితంలో మాత్రం దానికి చోటివ్వలేదు, చూశారా!

మీ వీధిలో పోటీ పెడితే రెండుసార్లు చూడండి, పెద్ద వానకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. రెండోసారికే ఎక్కువ మార్కులు పెట్టండి. నా సంగతంటారా? ‘ఇటుకల మీద పెట్టండి’ అని ఇప్పుడు ప్రతి గ్రో బ్యాగు మీదా అచ్చు వేయిస్తున్నా.