ఆశక్క చేతి ఫోను: రాయని ఖర్చులు

పల్లె ఆరోగ్యం ఫోనులోకి వచ్చింది. గర్భిణుల వివరాలు, పిల్లల బరువులు, టీకాల తేదీలు, బీపీ, షుగర్ లెక్కలు ఒకప్పుడు ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు రిజిస్టర్లలో రాసేవారు. ఇప్పుడు అవన్నీ యాప్‌లలోకి ఎక్కుతున్నాయి. 2020 ఏప్రిల్‌లో మొదలైన ఈ-సంజీవని ఓపీడీతో డాక్టరు కూడా తెర మీదికి వచ్చాడు. కాగితం మిగిలిందనీ, ప్రయాణం తప్పిందనీ, కనుక పర్యావరణానికి మేలు జరిగిందనీ చెప్తున్నారు. ఈ మాటలో నిజమెంత? మిగిలింది ఎవరికి, ఖర్చయింది ఎవరిది? నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట నేల మీద నిలబడి ఈ లెక్క చూద్దాం.

ముందు మేలు సంగతి. రోగులు కారులో ఆసుపత్రికి రావడానికి బదులు వీడియో ద్వారా వైద్యం పొందితే కర్బన ఉద్గారాలు 40 నుంచి 70 రెట్లు తగ్గుతాయని 2014లో స్వీడన్‌లో ఒక అధ్యయనం చెప్పింది. దాన్ని కాదనవలసిన పని లేదు. కాని ఆ లెక్కను తెచ్చి అమ్రాబాద్ గుట్టల మీద పెడితే? చెంచు పెంట నుంచి వచ్చే మనిషికి కారు లేదు. కొంత దూరం నడిచి, ఆటోనో బస్సో పట్టుకొని అచ్చంపేట చేరతాడు. అతను ఎక్కినా ఎక్కకపోయినా ఆ బస్సు నడుస్తుంది. తెర మీది డాక్టరు రక్త పరీక్ష రాస్తే ఆ ప్రయాణం ఎలాగూ తప్పదు. అతనికి ఒకనాటి కూలి మిగిలితే అది పెద్ద మేలే. దాన్ని మేలుగానే చెప్పాలి. పొగ తగ్గిన ఖాతాలో వేయకూడదు. కాగితం మాటా అంతే. యాప్ వచ్చాక కూడా చాలాచోట్ల రిజిస్టరు పోలేదు. ఒకే బిడ్డ బరువును రెండుచోట్ల రాయవలసి వస్తున్నది.

ఇక ఖర్చు. ఫోను చార్జింగుకు కాలే కరెంటు స్వల్పం. రోజూ నిండా చార్జి చేసినా ఏడాదికి పది యూనిట్లు దాటదు. ఫోను జీవితకాలంలో వెలువడే కర్బనంలో అత్యధిక భాగం అది మన చేతికి రాకముందే, గనిలో, కర్మాగారంలో వెలువడుతుంది. బ్యాటరీకి కావలసిన కోబాల్ట్‌లో మూడింట రెండు వంతులకు పైగా ఒక్క కాంగో నుంచే వస్తున్నది. అక్కడ కొల్వేజీ చుట్టుపక్కల చేతులతో గుంటలు తవ్వే కూలీలున్నారు, వాళ్లలో పిల్లలున్నారు. దేశమంతటా కాలువలు తవ్వి తట్టలు మోసిన పాలమూరు వలస కూలీకి ఆ కొల్వేజీ కూలీ పరాయివాడు కాడు.

దీని నుంచి ఒక ముఖ్యమైన విషయం తేలుతుంది. ఫోను చేసే హాని ప్రధానంగా తయారీలోనే ఉంది గనుక, అది ఎన్నేళ్లు పనిచేస్తుందన్నదే అసలు ప్రశ్న. మహారాష్ట్రలో అంగన్‌వాడీ కార్యకర్తలకు 2019లో ఫోన్లిచ్చారు. 2021లో పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చింది. ఆ బరువును ఆ ఫోన్లు మోయలేకపోయాయి. వేడెక్కాయి, ఆగిపోయాయి, మరమ్మతు ఖర్చు కార్యకర్తల మీద పడింది. 2021 ఆగస్టులో వేలాది మంది ఆ ఫోన్లను ప్రభుత్వానికే తిరిగి ఇచ్చేశారు. అది పనిభారం మీద తిరుగుబాటు మాత్రమే అనుకుంటే పొరపాటు. రెండేళ్లకే ఫోన్లను తుక్కు చేసిన విధానం మీద కూడా అది తీర్పు. జీతం లేని పారితోషికంతో పనిచేసే స్త్రీ తన డబ్బుతో రీచార్జి చేసి, తన డబ్బుతో స్క్రీను మార్పించి ప్రభుత్వ లెక్కలు నింపడం కొత్త రకం వెట్టి కాదా?

ఫోనులో కొట్టిన అక్షరం గాలిలో నిలబడదు. టవర్లు, సర్వర్లు దాన్ని మోయాలి, వాటికి రాత్రింబవళ్లు కరెంటు, చల్లదనం కావాలి. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న షాద్‌నగర్ ప్రాంతంలో ఇప్పుడు డేటా కేంద్రాలు లేస్తున్నాయి. మరోవైపు నల్లగొండ జిల్లా దామరచర్ల దగ్గర, కృష్ణ ఒడ్డున, 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రానికి 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. 2024 డిసెంబరులో రెండో యూనిట్‌ను ప్రారంభించారు. ఆరోగ్య యాప్‌ల కోసమే ఈ బొగ్గు కాలుతున్నదనడం అన్యాయం. వాటి వాటా చాలా చిన్నది. కాని కంప్యూటరు పని అంతా శుభ్రమైనదనీ, పొగ లేనిదనీ చెప్పేవారు ఒకసారి ఆ చిమ్నీల కింద నిలబడి చూడాలి.

చివరికి తుక్కు. 2022లో ప్రపంచంలో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగయ్యాయి. పద్ధతిగా సేకరించి శుద్ధి చేసినట్టు లెక్కకు అందింది 22.3 శాతమే. వస్తువును తయారుచేసినవారే దాని వ్యర్థానికి బాధ్యులని చెప్పే కొత్త నిబంధనలు మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. ఆ నిబంధన దేవరకొండ, కల్వకుర్తి పల్లెల దాకా రావాలి కదా! కరోనా నాడు కొన్న ఆక్సీమీటరు, ఆగిపోయిన షుగర్ మిషను, ఉబ్బిన బ్యాటరీ ఇంటి గూట్లో పడి ఉంటాయి, లేదా పాత ఇనుప సామాన్ల బండికెక్కుతాయి. రాగి కోసం తీగ కాల్చే మనిషి ఊపిరితిత్తులు ఏ యాప్‌లోనూ నమోదు కావు.

నల్లగొండకు ఇంకొక పాఠం ఉంది. ఇక్కడ తరాలుగా ఎముకలు వంచింది బోరునీళ్లలోని ఫ్లోరైడ్. వంగిన కాళ్లను లెక్కపెట్టినంత మాత్రాన అవి నిలబడలేదు. మంచినీళ్లు ఇంటికి రావడమే మందు. లెక్క అవసరమే, కాని లెక్క వైద్యం కాదు.

ఫోను వద్దని మన వాదన కాదు. ఒకే పనికి నాలుగు యాప్‌లు వద్దు. బ్యాటరీ మార్చడానికి వీలైన, అయిదారేళ్లు నిలిచే ఫోనునే కొనాలి. పాత ఫోను మీద నడవని యాప్‌ను రుద్దకూడదు. మరమ్మతు ఖర్చు శాఖే భరించాలి. పాడైన పరికరాలు తీసుకునే పెట్టె ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండాలి. వీటిని అడగవలసింది ఆశక్క ఒక్కతే కాదు, ఆమె చేత బరువులు తూయించుకున్న ఊరంతా.