గోడలు చెప్పిన చరిత్ర

చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, కోటలు స్ఫురిస్తాయి. కానీ నాగలి పట్టిన రైతుకూ, బిడ్డలను సాకిన తల్లికీ చరిత్ర ఉంటుంది. వారు శాసనాలు వేయించలేదు. కావ్యాలు అంకితం పుచ్చుకోలేదు. కనుక వారి చరిత్రను నేలలోనూ, గోడలలోనూ చదువుకోవాలి. ఇందుకు ఇంగ్లండులోని వారమ్ పర్సీ గ్రామం చక్కని నిదర్శనం.

ఉత్తర యార్క్‌షైర్‌లో సుద్దరాతి కొండల నడుమ ఉన్న ఈ గ్రామం నేడు నిర్జనం. పైకప్పు లేని సెయింట్ మార్టిన్ చర్చి, పచ్చిక కింద ఇళ్ల ఆనవాళ్లను తెలిపే మిట్టపల్లాలు అక్కడ కనిపిస్తాయి. ఆర్థిక చరిత్రకారుడు మారిస్ బెరెస్‌ఫర్డ్ 1950లో ఇక్కడ తవ్వకాలు ప్రారంభించాడు. పురాతత్త్వవేత్త జాన్ హర్స్ట్ 1952లో ఆయనతో చేయి కలిపాడు. ఆ కృషి 1990 వరకు సాగింది.

ఈ చర్చి గోడలే ఊరి జనాభా లెక్కలు. మొదట చిన్నదిగా వెలసిన కట్టడానికి, జనం పెరిగిన కాలంలో ఇరుపక్కలా అదనపు భాగాలు చేర్చారు. జనం తగ్గాక వాటిని తొలగించి, కమానులను రాళ్లతో పూడ్చివేశారు. ఆ పూడిక గుర్తులు నేటికీ స్పష్టంగా కనిపిస్తాయి.

జనం ఎందుకు తగ్గారు? 1348-49లో ఇంగ్లండును కబళించిన ప్లేగు మహమ్మారి ఒక కారణం. తరువాత కూలీల కొరత ఏర్పడింది. ధాన్యం కంటె ఉన్ని లాభసాటి అయింది. భూస్వాములు పొలాలను గొర్రెల బీళ్లుగా మార్చారు. సుమారు 1500 నాటికి, మిగిలిన కొద్ది కుటుంబాలను కూడా వెళ్లగొట్టారు. ప్లేగు మిగిల్చిన ఊరిని లాభాపేక్ష ఖాళీ చేయించింది.

ఊరు పోయినా చర్చి నిలిచింది. పొరుగు గ్రామాలవారు ప్రార్థనకు అక్కడికే వచ్చేవారు. 1870లో థిక్సెండేల్ గ్రామానికి సొంత చర్చి ఏర్పడడంతో ఆ రాకపోకలూ సన్నగిల్లాయి. 1949లో ప్రార్థనలు ఆగిపోయాయి. 1959లో గోపురంలో కొంత భాగం కూలిపోయింది.

చర్చి ఆవరణలో వెలికితీసిన సుమారు 700 అస్థిపంజరాలు మరొక సత్యాన్ని చెప్పాయి. నాటి పిల్లలు నేటి పిల్లలకంటె చాల పొట్టిగా ఉండేవారని, చాలీచాలని తిండి, వ్యాధులు వారి ఎదుగుదలను కుంటుపరచాయని ఆ ఎముకలు వెల్లడించాయి. ఏ రాజాస్థాన కవీ వర్ణించని ఆకలి అది.

శిథిలమంటే కేవలం రాళ్లకుప్ప కాదు. ఏ గోడను ఎప్పుడు కట్టారు, ఎందుకు కూల్చారు అని ప్రశ్నించగలిగినవారికి అది గ్రంథమే అవుతుంది. పేరులేని మనుషులకు చరిత్రలో చోటు కల్పించేది ఆ ప్రశ్నే.