తేనె మద్యం తాగాలంటే ఎన్నాళ్ళు ఆగాలి?

పై వీడియోలో నా చేతిలో ఉన్న గాజు జాడీలోది మీడ్. తేనెను నీళ్ళలో కలిపి, ఈస్టు వేసి పులియబెట్టిన మద్యం.

ముందే ఒక మాట. నేనుండేది అమెరికాలో, నార్త్ కరోలినాలో. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా సొంతానికి చేసుకోవచ్చని ఇక్కడి ఫెడరల్ చట్టం చెబుతుంది, అమ్మకూడదు. మన ఆంధ్ర, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం చేస్తే నేరం. అక్కడివాళ్ళు తెలుసుకోవడానికే చదవండి.

నన్ను దెబ్బతీసింది జీవామృతం అలవాటే. 48 గంటలు పులిస్తే తయారు, వారంలో వాడేయాలి. ఆ లెక్కే దీనికీ వేసుకున్నాను. 1.4 కిలోల తేనెకు నీళ్ళు కలిపి మొత్తం 4 లీటర్లు చేశాను. మూడో వారానికి బుడగలు తగ్గాయి. నెలకే గ్లాసులో పోసుకుంటే గొంతు మండింది, పైగా కుళ్ళిన గుడ్డు వాసన! ఆ ఏడాది మా పెట్టెల్లో దొరికిన తేనెలో సగం అందులోనే పోశాను. ఏడుపొచ్చింది. పారబోయబోతుంటే మా ఆవిడ, "జాడీ ఏమైనా అన్నం అడుగుతోందా, మూల పడుండనీండి" అంది.

తప్పు నాదే. తేనెలో నత్రజని చాలా తక్కువ. జీవామృతంలో సూక్ష్మజీవుల కోసం పప్పుల పిండి వేస్తామే, అలా ఈస్టుకూ మేత కావాలి. నేను వేయలేదు. పైగా ఎండాకాలం గ్యారేజీలో పెట్టాను. ఈస్టు ఆకలితో, వేడితో పనిచేస్తే ఆ ఘాటు వస్తుంది. చాలా ఈస్టులకు 18–20 డిగ్రీలు హాయి.

అడుగున మడ్డి పేరుకున్నాక, పైతేటను సన్నని గొట్టంతో వేరే జాడీలోకి మార్చాను. గాలి తగలకుండా మూతి దాకా నింపాను. మూడో నెలకు గుడ్డు వాసన పోయింది. ఆరో నెలకు తేటబడింది, మంట మాత్రం ఇంకా ఉంది. ఏడాదికి తీస్తే పూల వాసన! అది మా తేనే అని నాలుక పట్టేసింది.

అన్నిటికీ ఏడాది అక్కర్లేదండీ. తేనె సగం వేసి 6–7 శాతం ఆల్కహాల్‌తో పలచగా చేస్తే రెండు నెలలకే బాగుంటుంది. 12–14 శాతం ఉన్నదానికి ఆరు నెలలు కనీసం, ఏడాది అయితే మేలు.

సీసాల్లో నింపే తొందర ఇంకా ప్రమాదం. బుడగలు ఆగాయి కదా అని రెండోసారి బిగించేశాను. లోపల ఇంకా పులుస్తూనే ఉంది. అర్ధరాత్రి వంటింటి అలమరలో ఒక సీసా పేలింది, పొద్దున పిల్లాడు తలుపు తీసే అలమర అది. అప్పటినుంచి హైడ్రోమీటర్ కొలత రెండు వారాలు కదలకుండా ఉంటేనే సీసా ముట్టుకుంటున్నాను.

వెనిగర్ పులుపు ఎక్కితే మాత్రం ఎన్నేళ్ళు ఆగినా తిరిగి రాదు. అలాంటి జాడీ ఒకటుంది మా ఇంట్లో. కీరదోస ముక్కల్లోకి వాడుతున్నాం.