స్వయంశిక్షిత కవి - అభ్యాసం, ప్రచురణ: అలిశెట్టి ప్రభాకర్ కవిజీవిత పరిశీలన

వ్యాససంగ్రహం:
సాహిత్యాన్ని విద్యాలయంలో అభ్యసించని కవికి శిక్షణ ఎక్కడ లభిస్తుంది? ఆ శిక్షణలో ప్రచురణ పాత్ర ఏమిటి? ఈ రెండు ప్రశ్నలను అలిశెట్టి ప్రభాకర్ కవిజీవితం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మమ్మటుడు, రాజశేఖరుడు అభ్యాసాన్ని గురించి చెప్పిన అంశాలను ప్రమాణంగా స్వీకరించి, స్వయంశిక్షిత కవికి సాహితీబృందం, పత్రిక, శీర్షిక గురుస్థానంలో నిలుస్తాయని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అభ్యాసం, కావ్యజ్ఞశిక్ష, ప్రచురణ, మినీకవిత, అలిశెట్టి ప్రభాకర్.

1. ఉపోద్ఘాతం:
తరగతి గదిలో సాహిత్యం నేర్చుకోకుండానే కవులైనవారు ఆధునిక తెలుగులో అనేకులు. అటువంటివారిని ‘సహజకవి’ అని ప్రశంసించడం పరిపాటి. గౌరవసూచకమైన ఈ మాట వల్ల ఒక నష్టం కూడా ఉంది. కవిత్వం పుట్టుకతోనే వచ్చిందనగానే కవి పడిన శ్రమ చర్చకు రాకుండా పోతుంది. ఏం చదివాడు, ఎవరికి వినిపించాడు, దేన్ని కొట్టివేశాడు, ఎక్కడ అచ్చువేయించాడు అనే ప్రశ్నలు అనవసరమైనవిగా తోస్తాయి. కొత్తగా రాస్తున్న విద్యార్థి సైతం ప్రతిభ ఉంటే చాలు, సాధన అక్కరలేదనే భ్రమలో పడతాడు.

2. ఆలంకారికుల దృష్టిలో అభ్యాసం:
శక్తి, నిపుణత, అభ్యాసం అనే మూడింటిని మమ్మటుడు కావ్యప్రకాశంలో చెప్పాడు. ఇవి మూడు వేర్వేరు హేతువులు కావు, మూడూ కలిసి ఒకే హేతువు అని ఆయన వివరణ. నిపుణత లోకాన్ని, శాస్త్రాలను, కావ్యాలను పరిశీలించడం వల్ల కలుగుతుంది. అభ్యాసం మాత్రం కావ్యజ్ఞుల శిక్షణలో సాగాలి. కావ్యం రచించడమూ విచారించడమూ తెలిసినవారే కావ్యజ్ఞులు. స్వయంశిక్షిత కవికి శక్తి, నిపుణత స్వాధీనంలో ఉండవచ్చు. అతనికి కొరతపడేది ఈ కావ్యజ్ఞుడే.

రాజశేఖరుడు కావ్యమీమాంసలో కవులను సారస్వతుడు, ఆభ్యాసికుడు, ఔపదేశికుడు అని విభజించాడు. జన్మాంతర సంస్కారం వల్ల కవి అయినవాడు సారస్వతుడు. ఈ జన్మలోని సాధన వల్ల కవి అయినవాడు ఆభ్యాసికుడు. ‘సహజకవి’ అనిపించుకుంటున్న ఆధునికులలో చాలామందిని ఈ రెండవ వర్గంలో పరిశీలించడం సముచితం.

3. బృందం, పత్రిక:
జగిత్యాలకు చెందిన అలిశెట్టి ప్రభాకర్ తొలుత చిత్రకారుడు. పండుగలను, ప్రకృతి దృశ్యాలను చిత్రించి పత్రికలకు పంపేవాడు. జగిత్యాలలోని ‘సాహితీ మిత్ర దీప్తి’ సంస్థ ద్వారా సాహిత్యరంగంలో ప్రవేశించాడు. తొలి కవిత ‘పరిష్కారం’ 1975లో ఆంధ్ర సచిత్ర వారపత్రికలో వెలువడింది. తొలి సంపుటి ‘ఎర్ర పావురాలు’ 1978లో వచ్చింది.

ఈ క్రమం గమనింపదగినది. ముందు బృందం, పిదప పత్రిక, ఆ పిదప పుస్తకం. బృందంలోని శ్రోత అర్థం కానిచోట ఆపి అడుగుతాడు. పత్రికాసంపాదకుడు అడగడు, స్వీకరిస్తాడు లేదా నిరాకరిస్తాడు. నిరాకరణకు కారణం చెప్పడం అరుదు కనుక, అచ్చయిన ఇతరుల కవితలతో తన కవితను పోల్చుకొని కారణాన్ని కవే వెదుక్కోవాలి. ఆ వెదుకులాటే విచారణ. కావ్యజ్ఞునిలోని రెండవ గుణం కవికి అలవడేది అక్కడే.

కొత్త రచనను ఒక్క వ్యక్తి ఎదుట చదవరాదని రాజశేఖరుడు హెచ్చరించాడు. ఆ వ్యక్తి దాన్ని తనదని చెప్పుకుంటే సాక్షి ఉండడని ఆయన భయం. కవికి ఒకే శ్రోత చాలడు అన్న మాట ఈనాటికీ వర్తిస్తుంది. బృందం సాక్ష్యాన్నీ విమర్శనూ ఏకకాలంలో సమకూరుస్తుంది.

4. వృత్తి, రూపం:
ప్రభాకర్ సిరిసిల్లలో ఛాయాచిత్రకళ నేర్చుకున్నాడు. జగిత్యాలలో ‘స్టూడియో పూర్ణిమ’ (1976), కరీంనగర్‌లో ‘స్టూడియో శిల్పి’ (1979), హైదరాబాదులో ‘స్టూడియో చిత్రలేఖ’ (1983) నెలకొల్పాడు. ఏది చట్రంలో ఉండాలో, ఏది వెలుపల ఉండాలో నిర్ణయించడం ఛాయాచిత్రకారుని నిత్యకృత్యం. ఆయన మినీకవితల్లో ఒకే దృశ్యం, ఒకే మలుపు ఉండడానికి, వ్యాఖ్యానం స్వల్పంగా ఉండడానికి ఈ వృత్తిసంస్కారం దోహదం చేసిందని భావించవచ్చు. మమ్మటుడు చెప్పిన లోకపరిశీలన ఇక్కడ జీవనోపాధిలోనే ఇమిడి ఉంది.

5. శీర్షిక, సంపుటి:
హైదరాబాదు నగరజీవితంపై ఆంధ్రజ్యోతి దినపత్రికలో ‘సిటీ లైఫ్’ శీర్షికతో ఆయన ఏళ్ల తరబడి మినీకవితలు రాశాడు. శీర్షికకు నియత స్థలం, నియత గడువు ఉంటాయి. ఆవేశం వచ్చినప్పుడే రాస్తానంటే అక్కడ కుదరదు. ఆ విధంగా ప్రచురణే అభ్యాసరూపం ధరించింది. ‘మంటల జెండాలు’ (1979), ‘చురకలు’ (1981), ‘రక్తరేఖ’ (1985), ‘సంక్షోభ గీతం’ (1990), ‘సిటీ లైఫ్’ (1992) సంపుటులను కాలక్రమంలో చదివితే ఈ సాధనను అంచనా వేయవచ్చు.

ప్రభాకర్ 1993 జనవరి 12న క్షయవ్యాధితో మరణించాడు. కావ్యం నశించడానికి గల కారణాలలో అల్పాయువును రాజశేఖరుడు పేర్కొన్నాడు. పూర్తయిన కావ్యానికి పెక్కు ప్రతులు రాయించాలనీ చెప్పాడు. ప్రభాకర్ కవిత్వమంతటినీ మిత్రులు తరువాత ఒకే సంపుటిగా వెలువరించారు. తొలి శ్రోతల వంటి మిత్రబృందమే చివరకు కవిత్వరక్షణ బాధ్యతను కూడా వహించింది.

6. నేటి అన్వయం:
నేడు సొంత ఖర్చుతో పుస్తకం అచ్చువేయించడం సులభం. బృందాన్నీ పత్రికనూ దాటి నేరుగా సంపుటికి చేరిన కవి కావ్యజ్ఞశిక్షను కోల్పోతాడు. ఆవిష్కరణసభలో లభించే ప్రశంస దానికి ప్రత్యామ్నాయం కాదు. కళాశాలల్లో రచయితలూ విమర్శకులూ కలిసి కూర్చునే పఠనగోష్ఠులను అధ్యాపకులు నిర్వహిస్తే ఈ లోటు కొంత తీరుతుంది. చదువుకునే అవకాశం దక్కని వర్గాల నుంచి వచ్చే యువకవులకు ఈ అవసరం మరింత ఎక్కువ.

7. ముగింపు:
స్వయంశిక్షణ అంటే గురువు లేకపోవడం కాదు, గురుత్వం పలుచోట్ల పంపిణీ కావడం. కనుక ఇటువంటి కవులపై పరిశోధించేవారు సంపుటులతో సరిపెట్టుకోక, పత్రికల్లోని తొలిపాఠాలను సంపుటి పాఠాలతో పోల్చాలి. మార్చిన పదం, తొలగించిన పాదం కనిపించినచోట కవి చేసిన అభ్యాసానికి ప్రత్యక్ష సాక్ష్యం లభిస్తుంది. పాత పత్రికల ప్రతులు శిథిలం కాకముందే ఈ పని జరగాలి.