సముద్రంలో జారిన ఉంగరం దొరికేనా?

ఎలమంచిలి: మాఘ పౌర్ణమి వచ్చిందంటే ఈ ప్రాంతం జనం పూడిమడక, రేవుపోలవరం తీరాలకు సముద్ర స్నానాలకు తరలివెళతారు. తెల్లవారుజామున చలి. వేసవిలో సబ్బు రాసి లాగినా రాని ఉంగరం ఆ నీళ్ళలో రెండు మునకలకే జారిపోతుంది. చలికి వేళ్ళు సన్నబడటమే కారణం. పోగొట్టుకున్నవారు కాసేపు కాళ్ళతో తడుముకుని, గంగమ్మకు సమర్పించామనుకుని ఇంటిదారి పడతారు.

కాని ఉంగరం ఎక్కడికీ పోదు. బంగారం నీటికంటే 19 రెట్లు బరువు. ఇసుక రెండున్నర రెట్లకు కాస్త పైన. కెరటం ఇసుకను ఎత్తుకుపోగలదు గాని బంగారాన్ని అంత సులువుగా కదపలేదు. చుట్టూ ఇసుక కదిలినకొద్దీ అది కిందికి దిగి, గట్టి పొర తగిలినచోట ఆగుతుంది. వలలకు కట్టే సీసపు గుళ్ళు, పాత నాణేలు చేరేదీ అక్కడికే. గుళ్ళు కనిపించినచోట వెతికితే ఫలితం ఉండొచ్చు.

పైనున్న ఇసుకను తొలగించే పని తుఫానులు చేస్తాయి. 2020 నవంబరులో నివర్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. అక్కడికి వందల కిలోమీటర్ల దూరాన, ఇప్పటి కాకినాడ జిల్లా ఉప్పాడలో ఇసుక కోసుకుపోయి, చిన్న చిన్న బంగారు ముక్కలు దొరికాయన్న వార్త పాకింది. ఆడా మగా, పిల్లా జెల్లా తీరానికి ఎగబడ్డారు. ఏళ్ళ తరబడి ఇళ్ళనూ గుళ్ళనూ సముద్రానికి అప్పగించిన ఊరది. ఆ సొమ్మే తిరిగి వస్తోందని అక్కడివారి నమ్మకం. వాళ్ళ చేతుల్లో యంత్రాలేమీ లేవు.

ఇంగ్లండు, అమెరికాలలో ఇదొక వ్యాపకం. రబ్బరు దుస్తులు తొడుక్కుని, గడ్డకట్టే చలిలో నడుము లోతు నీళ్ళలో మెటల్ డిటెక్టరు తిప్పుతుంటారు. గాలివానలకు ఇసుక కోసుకుపోయే చలికాలమే వారికి అదను. మన దగ్గర కొనాలనుకునేవారు ఒక సంగతి గమనించాలి. ఉప్పునీటిలో విద్యుత్తు ప్రవహిస్తుంది గనుక మామూలు డిటెక్టరు లోహం లేకపోయినా కూస్తుంది. మన తీరంలోని నల్ల ఇసుక దాన్ని మరింత తికమక పెడుతుంది. పల్స్ రకం యంత్రం నయమే గాని, దానికి మేకుకూ బంగారానికీ తేడా అంతగా తెలియదు. రాజమండ్రిలో కుర్రాళ్ళు గోదావరిలోకి విసిరే అయస్కాంతం స్టీలు రూపాయిని పట్టుకుంటుంది. బంగారాన్ని అంటదు.

డబ్బు ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. పౌర్ణమికి పోటూ ఎక్కువే, పాటూ ఎక్కువే. రెంటికీ మధ్య ఆరు గంటల పైచిలుకు వ్యవధి, సుమారు మీటరున్నర తేడా. పోటులో స్నానం చేసినవారు పాటు వచ్చేదాకా ఆగితే, నడుము లోతున్న చోటే పాదాలు తడిసే నీళ్ళలో వెతుక్కోవచ్చు. ఒడ్డున ఏదైనా గుర్తు పెట్టుకోవడం మరవకూడదు. అంతేగాని లోపలికి దిగరాదు. 2022 జులైలో ఇదే పూడిమడకలో స్నానానికి దిగిన ఇంజినీరింగు విద్యార్థులు కెరటాలకు బలయ్యారు. వంగి నేల చూస్తున్నవాడికి వెనక వచ్చే కెరటం కనిపించదు.

దొరికింది ఎవరిదన్నది మరో చిక్కు. నిన్నమొన్న జారిన ఉంగరం పోగొట్టుకున్నవారిదే. సొంతదారు తెలిసీ దాచుకుంటే నేరం. భూమిలో దాగిన పాత సొమ్ముకు 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. హక్కుదారులెవరూ లేరని తేలి, స్థలం యజమాని వాటా కోరితే, దొరికినవారికి మూడు వంతులు, స్థలం యజమానికి ఒక వంతు. చెప్పకుండా దాచినవారికి ఏడాది వరకు జైలు. ఎంత విలువ దాటితే తెలపాలంటే, పది రూపాయలు! అది 1878లో పెట్టిన లెక్క. నేటికీ అదే.