ఫ్రాన్సులో ఇల్లు మారువారికిఁ గొన్ని మాటలు



1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలో నున్న యానాములో వారి భాష కచేరీలలో వినఁబడుచుండెను. నేఁడు మన మనుమలు చదువులకును ఉద్యోగములకును ఫ్రాన్సున కేగి, అద్దెయిండ్లలో నివసించుచున్నారు. ఇల్లు మారునపుడు వారి కుపకరించు మాటలు కొన్ని మనవి చేసెదను.

ఆ భాషలో 'మెనాజ్' అనఁగా సంసారము. పాతయిల్లు విడుచుట 'దెమెనజే'. క్రొత్తయింటఁ జేరుట 'ఆఁమెనజే'. మన నిర్గమనము, ఆగమనము అను మాటలవలెనే మూలమొకటి, ఉపసర్గచే నర్థభేదము.

అట్టపెట్టె 'కార్తోఁ', తుది నకారమును పలుకక ముక్కుతో ధ్వనింపవలయును. పగులు వస్తువులున్న పెట్టెపై 'ఫ్రాజీల్' అని వ్రాయుదురు. కూలివానితో 'దూస్మాఁ, సిల్ వూ ప్లే' యనిన 'దయచేసి మెల్లగా' నని యర్థము.

అన్నిఁటికంటె ముఖ్యమైనది 'ఎతా దె ల్యూ'. గోడబీటలు, తలుపుగీఁతలు మొదలుగా ఇంటిస్థితినంతయు వ్రాసి, ఉభయులును చేవ్రాలు చేయు పత్రమిది. చేరునాఁ డొకటి, విడుచునాఁ డొకటి వ్రాయుదురు. రెండును సరిపోయినచో, తాళపుచెవు లప్పగించిన 1 నెలలోపల ధరావతు మరల రావలయును. భేదమున్నచో గడువు 2 నెలలు. చేరునాఁడే యున్న బీటను వ్రాయించుకొననివాఁడు, విడుచునాఁడు దాని మరమ్మతుసొమ్మును తానే భరింపవలసివచ్చును. కావునఁ జదువక చేవ్రాలు చేయరాదని పిల్లలకుఁ జెప్పుఁడు.

క్రొత్తయింట విందు చేయుటను వారు 'క్రెమయేరు వ్రేలాడఁదీయుట' యందురు. పూర్వము పొయ్యిమీఁద వంటపాత్రను దగిలించు ఇనుపకొక్కెమే క్రెమయేరు. మనము పాలు పొంగించునట్లే, వారికిని పొయ్యితోడనే కాఁపురము మొదలు.