ముసలితనానికి చీనా అక్షరం



చీనా భాషకు మనలాగ అ, ఆ లు లేవు. ఒక్కో అక్షరానికి ఒక పలుకు, ఒక అర్థం ఉంటాయి. వాటిల్లో 'లావ్' అనేది ఒకటి. (మన లావు కాదు, నవ్వకండి.) దాని అర్థం ముసలి. గొంతు కిందికి దించి మళ్ళీ పైకి లేపి పలకాలి. రాయడానికి 6 గీతలు కావాలి.

3000 ఏళ్ళ కిందట చీనాలో ఎముకల మీద, తాబేలు డిప్పల మీద గీసి రాసేవారు. అప్పుడు ఈ అక్షరం అచ్చం బొమ్మే. పొడుగు జుట్టు, వంగిన నడుము, చేతిలో కర్ర. పక్కన వేశాను చూడండి. దాదాపు క్రీ.శ. 100లో షూ షెన్ అనే పండితుడు తన నిఘంటువులో 70 ఏళ్ళు వస్తే లావ్ అని రాశాడు.

చిత్రమేమిటంటే లావ్ అన్నప్పుడల్లా ముసలి అని కాదు. లావ్‌షి అంటే టీచరు. నిన్నగాక మొన్న చేరిన చిన్న మేడంని కూడా లావ్‌షి అనే పిలవాలి, ఆవిడకి కోపం రాదు. లావ్‌హూ అంటే పులి. పులిపిల్లని 'చిన్న లావ్‌హూ' అంటారు! లావ్‌జ్యా అంటే సొంత ఊరు, హాస్టల్ పిల్లలకి పనికొచ్చే మాట. ముదిరిన కూరగాయ కూడా లావే. మనమూ బెండకాయ ముదిరింది అంటాం, మనిషిని ముదుసలి అంటాం కదా.

ఇంకోటి. వాంగ్ అనే ఇంటిపేరు ఉన్నాయన్ని స్నేహితులు 'లావ్ వాంగ్' అంటారు, అది చనువు. అదే 'వాంగ్ లావ్' అంటే చాలా పెద్ద గౌరవం. మాట ముందూ వెనకా అయితే అంత తేడా. అయితే అక్కడ కూడా 'ముసలి వస్తువు' అని తిట్టేవాళ్ళు ఉన్నారు.

లావ్ పైభాగం ఉంచి, కింద పిల్ల అనే అక్షరం పెడితే 'ష్యావ్' అవుతుంది. అమ్మానాన్నల్ని, పెద్దల్ని గౌరవించి చూసుకోవడం అని అర్థం. పైన ముసలివాళ్ళు, కింద పిల్ల.

ఇది ఎందుకు రాశానంటే, పోయిన నెల మా అవ్వ కర్ర పట్టుకొని వెదురు కొమ్ముల కూర తెచ్చింది. గేటు దగ్గర ఎవరో "ముసల్ది ఎవరే?" అన్నారు. నేను "మా ఊరామె" అన్నాను. అవ్వ విన్నది. ఏమీ అనలేదు, గిన్నె ఇచ్చి బస్సుకి వెళ్ళిపోయింది.

అవ్వకి చదువు రాదు. మళ్ళీ వస్తే ఈ గోడ దగ్గరికి తీసుకొచ్చి పక్కనున్న బొమ్మ చూపిస్తాను. ఈ ఒక్క అక్షరం ఎవరూ చెప్పకుండానే చదివేస్తుంది.